శివారు బడికీ వంతు రావాలి: ఉపాధ్యాయుల బదిలీలపై కొన్ని ఆలోచనలు

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి 'వంతు' అనే మాట కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ సీమ బ్రతుకు కాలువలతో ముడిపడి ఉన్నది. నీరు సమృద్ధిగా ఉన్న ఏడు ఎవరి చేను ఎక్కడున్నదన్న ప్రశ్న తలెత్తదు. దాళ్వా నాడు నీటికి కటకట ఏర్పడినప్పుడే తేడా బయటపడుతుంది. కాలువ మొదట ఉన్న రైతుకు తూము తెరిస్తే చాలు, చేను తడుస్తుంది. శివారు రైతు రాత్రింబవళ్ళు గట్టు మీద కాపలా కాసినా మడిలోకి నీరు చేరదు. అందుకే పెద్దలు వంతులవారీ పద్ధతిని ఏర్పరిచారు. ఇది ఎగువ రైతుపై కక్ష కాదు, దిగువ రైతుపై దయ కాదు. నీరు అందరిదీ అన్న సత్యాన్ని గుర్తించడం మాత్రమే.

ప్రభుత్వ పాఠశాలలోని ఉపాధ్యాయుడు కూడా ఇటువంటి ఉమ్మడి సంపద. ఆయన జీతం పట్టణంవారు మాత్రమే చెల్లించే పన్నుల నుంచి రాదు. లంక గ్రామంలోని పేదవాని చెమట కూడా అందులో ఉన్నది. అయితే మంచి ఉపాధ్యాయులు, అనుభవజ్ఞులు, లెక్కలు, సామాన్య శాస్త్రం, ఆంగ్లం బోధించగలవారు పట్టణం చుట్టూ, బస్సు రోడ్డు వెంట చేరుకుని, శివారు బడి ఏటికేడాది ఎండిపోతూ ఉంటే దానికి పరిష్కారమేమిటి? ఒకే పాఠశాలలో నిర్ణీత కాలం పనిచేసిన ఉపాధ్యాయుణ్ణి తప్పనిసరిగా మరొక పాఠశాలకు పంపే విధానం న్యాయమైనదా, కాదా? మన విద్యార్థులలో అనేకులు రేపు ఉపాధ్యాయ వృత్తిని చేపట్టబోతున్నారు. మన కళాశాల కమిటీ పెద్దలకు పాఠశాలల నిర్వహణతో సంబంధమున్నది. కనుక ఈ ప్రశ్న మన పత్రికలో చర్చింపదగినదే అని మేము భావిస్తున్నాము.

ముందుగా చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాము. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయుల బదిలీలు చాలాకాలం ఎప్పటికప్పుడు వెలువడే ప్రభుత్వ ఉత్తర్వుల మీదనే నడిచాయి. 2025లో శాసనసభ ఉపాధ్యాయుల బదిలీల నియంత్రణకు ప్రత్యేకంగా ఒక చట్టాన్ని చేసింది. దాని ప్రకారం ఒకేచోట ఐదు విద్యా సంవత్సరాలు పూర్తిచేసిన ప్రధానోపాధ్యాయులు, ఎనిమిది విద్యా సంవత్సరాలు పూర్తిచేసిన ఉపాధ్యాయులు తప్పనిసరిగా బదిలీ కావలసి ఉంటుంది. పాఠశాలలను నాలుగు వర్గాలుగా విభజించారు. ఇంటి అద్దె భత్యం ఎక్కువగా లభించే పట్టణ ప్రాంతాలు మొదటి వర్గం. రహదారి సౌకర్యం సరిగా లేని గ్రామాలు, కొండ ప్రాంతాలు నాలుగవ వర్గం. మొదటి వర్గంలో పనిచేసిన ప్రతి సంవత్సరానికి ఒక పాయింటు, నాలుగవ వర్గంలో పనిచేసిన సంవత్సరానికి ఐదు పాయింట్లు లభిస్తాయి. ఈ పాయింట్లను బట్టి సీనియారిటీ జాబితా తయారై, దాని క్రమంలో కోరుకున్న ఖాళీ దక్కుతుంది. తెలంగాణ నిబంధనలలోనూ ఐదేళ్ళు, ఎనిమిదేళ్ళు అన్న గడువులే ఉన్నాయి. అనగా మారుమూల బడిలో ఐదేళ్ళు పనిచేసినవారు ఇరవై ఐదు పాయింట్లు సంపాదిస్తే, పట్టణంలో అదే ఐదేళ్ళు గడిపినవారికి దక్కేది ఐదు మాత్రమే. కష్టానికి లెక్క కట్టే ప్రయత్నం ఇందులో ఉన్నదని ఒప్పుకోవాలి.

ఈ లెక్క ఎందుకు అవసరమైందో తెలియాలంటే వెనుకటి రోజులను స్మరించాలి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడిన తరువాత అసంఖ్యాకమైన పాఠశాలలు వాటి అధీనంలోకి వచ్చాయి. బడి ప్రజలకు దగ్గరైంది. దానితోపాటు బదిలీ కాగితం రాజకీయాలకూ దగ్గరైంది. ప్రాపకం గలవారు దశాబ్దాల తరబడి ఒకేచోట స్థిరపడగా, అండలేనివారు ఊరూరా తిరిగారు. బదిలీ ఒకరికి బహుమానం, మరొకరికి శిక్ష. 'ఏజెన్సీకి పంపిస్తాను జాగ్రత్త' అన్న బెదిరింపు మన ఉభయ గోదావరి జిల్లాలలో ఎంత వాడుకలో ఉండేదో పెద్దలకు తెలుసు. ఆ ఒక్క మాటలో రెండు అన్యాయాలు దాగి ఉన్నాయి. ఉపాధ్యాయుణ్ణి నేరస్థునిగా చూడడం మొదటిది. కొండమీది బిడ్డ బడిని చెరసాలగా చూడడం రెండవది. శిక్షగా వచ్చిన గురువు శ్రద్ధగా చెబుతాడని ఆశించడం ఎలా? 1990ల చివరలో బహిరంగ కౌన్సెలింగు ద్వారా బదిలీలు జరపడం ప్రారంభమైన తరువాత ఈ రోగం పూర్తిగా నయం కాకపోయినా కొంత తగ్గింది. ఖాళీల జాబితా గోడమీద కనబడుతున్నప్పుడు సిఫారసు ఉత్తరానికి బలం తగ్గుతుంది.

తప్పనిసరి బదిలీని వ్యతిరేకించేవారి వాదనలో బలం లేదని మేము అనము. గురుశిష్య సంబంధం కాగితం మీద పుట్టేది కాదు. ఏ పిల్లవాడు ఎందుకు మౌనంగా ఉంటాడో, ఏ పిల్ల వేట సాగే రోజుల్లో తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటివద్ద ఎందుకు ఉండిపోతుందో, ఎవరి తండ్రి వలసపోయాడో తెలుసుకోవడానికి కాలం పడుతుంది. ఊరివారి నమ్మకం సంపాదించిన మాస్టారు ఒక్క మాట అంటే ఆడపిల్ల చదువు ఆగకుండా సాగిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అటువంటివానిని గడువు తీరిందని లేపి పంపడం ఊరికి నష్టమే. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా మితిమీరిన ఉపాధ్యాయ బదిలీలను నిలిపివేయాలనీ, పిల్లలకు తమ ఆదర్శమూర్తుల సాన్నిధ్యం నిలకడగా ఉండాలనీ చెప్పింది. ఒకవైపు జాతీయ విధానం నిలకడను కోరుతుండగా, మరొకవైపు రాష్ట్ర చట్టం కదలికను శాసిస్తున్నది. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందా?

మన ప్రాంత చరిత్రలో రెండు ధోరణులకూ ఉదాహరణలు దొరుకుతాయి. రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు సికిందరాబాదులోని మహబూబ్ కళాశాల నుంచి 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి, 1919 వరకు అక్కడే ఉన్నారు. ఆ పదిహేనేళ్ళ నిలకడ లేకుంటే ఆ కళాశాలకు అంతటి కీర్తి వచ్చేది కాదు. ఇక కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఉద్యోగ జీవితం చూడండి. మన యానానికి కూతవేటు దూరంలోని కోరంగిలో పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి, ఆపైన ధవళేశ్వరం, అటుపిమ్మట రాజమహేంద్రవరం చేరారు. ధవళేశ్వరంలో ఉన్న కొద్ది సంవత్సరాలలోనే 1874లో బాలికల పాఠశాలను స్థాపించారు. 'వివేకవర్ధని' పత్రికను వెలువరించారు. ఒకరు నిలిచి నిర్మించారు. మరొకరు కదులుతూ నాటారు. కాబట్టి నిలకడ గొప్పదా, కదలిక గొప్పదా అన్న వాదం దానంతట అది తేలేది కాదు. ఎవరి మేలు కోసం నిలవాలి, ఎవరి మేలు కోసం కదలాలి అన్నదే అసలు ప్రశ్న.

దీనికి విద్యార్థి వైపు నుంచి సమాధానం వెదకాలి. ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ ప్రాథమిక పాఠశాలలో ఐదేళ్ళు ఉంటుంది. ఆరవ తరగతిలో చేరినవాడు ఉన్నత పాఠశాలలో మరొక ఐదేళ్ళు ఉంటాడు. ఉపాధ్యాయునికి చట్టం ఇచ్చిన గడువు ఎనిమిదేళ్ళు. అంటే ఒక తరం పిల్లలను అక్షరాభ్యాసం నుంచి చివరి తరగతి దాకా నడిపించి, మరొక తరానికి సగం దారి చూపిన తరువాతనే ఆయనకు బదిలీ వస్తుంది. కనుక 'పిల్లలకు గురువు దూరమవుతున్నాడు' అన్న ఆక్షేపణ ఎనిమిదేళ్ళ నియమానికి పెద్దగా తగలదు. అది తగిలేది వేరొక చోట. విద్యా సంవత్సరం మధ్యలో జరిగే బదిలీలకు తగులుతుంది. ఒకే వేసవిలో ఒకే బడి నుంచి ఉపాధ్యాయులందరూ లేచిపోయే బదిలీలకు తగులుతుంది. కాగితం మీద శివారు బడిలో ఉంటూ, డెప్యుటేషన్ పేరిట పట్టణంలో పనిచేసే 'సర్దుబాట్ల'కు మరింతగా తగులుతుంది. చట్టం నిర్ణయించిన గడువుతో పిల్లలకు జరిగే హాని తక్కువ. దాన్ని అమలుపరిచే తీరులోనే అసలు హాని ఉన్నది.

మరొక సత్యాన్ని కూడా దాచకుండా చెప్పుకోవాలి. వంతు నీటిని పంచుతుంది కాని వాన కురిపించదు. బదిలీ ఉన్న ఉపాధ్యాయులను పంచుతుంది కాని లేని ఉపాధ్యాయుణ్ణి పుట్టించదు. ఖాళీ పోస్టులు భర్తీ కాకుండా ఎంతమందిని తిప్పినా, ఖాళీ ఒక ఊరి నుంచి మరొక ఊరికి మారుతుందే కాని తీరదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం మంజూరైన పోస్టులలో ఖాళీలు పదవ వంతుకు మించరాదని స్పష్టంగా చెప్పింది. ప్రాథమిక పాఠశాలలో ముప్పై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని నిర్దేశించింది. నియామకాలు సకాలంలో జరిపించడం ప్రభుత్వ ధర్మం. ఆ ధర్మాన్ని విస్మరించి బదిలీలతో కాలం గడపడం, ఎండిన కాలువకు వంతులు వేయడం వంటిది.

ఇక భాష సంగతికి వద్దాము. నీటికి భాష లేదు, గురువుకు ఉన్నది. ఏ కాలువ నీరైనా ఏ చేనికైనా పనికివస్తుంది. కాని బిడ్డ మాట్లాడే మాట తెలియని గురువు ఎంత విద్వాంసుడైనా ఒకటవ తరగతిలో నిస్సహాయుడే. మన్యంలో ఈ సమస్య ఏనాడో ఎదురైంది. కోయ, కొండరెడ్డి పిల్లల బడులకు మైదానం నుంచి వచ్చిన ఉపాధ్యాయులు నిలకడగా ఉండక, వారి మాట వీరికి తెలియక చదువు కుంటుపడింది. అందుకే 2000 సంవత్సరంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడవ నంబరు ఉత్తర్వు ద్వారా షెడ్యూల్డు ప్రాంతాలలో ఉపాధ్యాయ పోస్టులన్నిటినీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. నూటికి నూరు శాతం కేటాయింపు రాజ్యాంగ సమ్మతం కాదని 2020 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు దానిని కొట్టివేసింది. మార్గం చెల్లకపోవచ్చును, ఆ మార్గాన్ని వెదికించిన అవసరం మాత్రం చెల్లిపోలేదు. బిడ్డకు తన మాట తెలిసిన గురువు కావాలి.

ఆ అవసరమే మన యానాంలో మరొక రూపంలో కనబడుతుంది. గౌతమీ గోదావరి తీరాన సుమారు ముప్పై చదరపు కిలోమీటర్ల ఈ చిన్న పట్టణం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. ఫ్రెంచి పాలన ముగిసి 1954లో భారతదేశం చేతికి వచ్చి, 1962లో చట్టబద్ధంగా విలీనమైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నివసించేవారు 55,626 మంది. పుదుచ్చేరి, కారైకాల్‌లలో తమిళం, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు. ఒకే పాలన, మూడు భాషలు. కాకినాడ మనకు దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరం. రాజధాని పుదుచ్చేరి సుమారు ఎనిమిది వందల డెబ్బై కిలోమీటర్ల దూరం. పరీక్షల విషయంలోనూ చిరకాలం పుదుచ్చేరివారు తమిళనాడు బోర్డును, మాహేవారు కేరళ బోర్డును, మనవారు ఆంధ్ర బోర్డును అనుసరించారు. ఇటీవల పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు కేంద్ర మాధ్యమిక బోర్డు వైపు మళ్ళాయి.

ఒకే ప్రభుత్వ సేవలో ఉన్న ఉపాధ్యాయుణ్ణి ఈ నాలుగు ప్రాంతాలలో ఎక్కడికైనా పంపవచ్చునన్నది పాలనాపరంగా సహజమే. కాని పాఠశాల విషయంలో దాని ఫలితమేమిటో యోచించాలి. తమిళం మాతృభాషగా గల ఒక ఉపాధ్యాయుడు యానాం వచ్చాడనుకుందాము. ఆయన తన ఇంటికి వెళ్ళిరావాలంటే రెండు రాత్రుల రైలు ప్రయాణం. వృద్ధులైన తల్లిదండ్రులు అక్కడ, ఉద్యోగం ఇక్కడ. ఆయన మనసు ఏ రోజు తిరిగి వెళ్ళగలనన్న లెక్కలోనే ఉంటుంది. అందుకు ఆయనను నిందింపలేము. అటువైపు దరియాలతిప్పలోనో, కనకాలపేటలోనో చేపలవేటకు వెళ్ళే కుటుంబంలోని బిడ్డ తన సందేహాన్ని తెలుగులో తప్ప చెప్పలేదు. పై తరగతులలో ఆంగ్లంలో బోధించే పాఠం ఏదో విధంగా సాగవచ్చును. చిన్న తరగతిలో మాత్రం ఇద్దరూ మూగవారే. అదే విధంగా తెలుగు ఉపాధ్యాయుడు కారైకాల్ పల్లెలోకో, మాహేలోకో వెళితే ఆయనకూ, అక్కడి పిల్లలకూ ఇదే గతి. ఇందులో ఎవరికి న్యాయం జరిగినట్లు?

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని చెబుతున్నది. పుదుచ్చేరి మొత్తంలో తెలుగువారు అల్పసంఖ్యాకులే. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం కూడా యానాంలో తెలుగుకు స్థానం కల్పించింది. కాబట్టి మేము కోరేది కొత్త వరమేమీ కాదు. ఉపాధ్యాయుల వంతు తిరగవలసిందే. అయితే ఆ చక్రం ఒకే భాషా ప్రాంతంలో తిరగాలి. యానాం పట్టణం నడిబొడ్డునున్న బడి నుంచి మెట్టకూరు, అడవిపొలం, దరియాలతిప్ప బడులకూ, అక్కడి నుంచి పట్టణానికీ ఉపాధ్యాయులు మారుతుండాలి. ఇంత చిన్న ప్రాంతంలో బదిలీకి అర్థమేమున్నదని కొందరు అడుగవచ్చును. దూరం తక్కువే కావచ్చు. పట్టణపు బడికీ పేటలోని బడికీ మధ్యనున్న అంతరం కిలోమీటర్లతో కొలిచేది కాదు. ఏదైనా ఒక విషయానికి ఇక్కడ తగినవారు లేనప్పుడు ఎనిమిది వందల కిలోమీటర్ల నుంచి తెప్పించడానికి బదులు, రెండు ప్రభుత్వాల ఒడంబడికతో పొరుగునున్న కాకినాడ, కోనసీమ జిల్లాల నుంచి కొంతకాలానికి డెప్యుటేషన్‌పై తీసుకొనే మార్గాన్ని పరిశీలించాలి. 2002లో యానాం ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చిన తరువాత పంటు కోసం కాచుకునే రోజులు పోయాయి. నది దాటిన దారిని కాగితం దాటలేకపోవడం విచిత్రం కాదా?

మన సంస్థ ఉర్దూ, తెలుగు రెండింటినీ రెండు కళ్ళుగా భావించేది. కనుక ఉర్దూ మాధ్యమ పాఠశాలల గురించి కూడా రెండు మాటలు చెప్పడం అవసరం. ఒక జిల్లాలో తెలుగు మాధ్యమ పాఠశాలలు అధిక సంఖ్యలో ఉంటే ఉర్దూ మాధ్యమ పాఠశాలలు కొద్ది సంఖ్యలోనే ఉంటాయి. అక్కడ ఒక్క ఉపాధ్యాయుడు కదిలి, ఆ స్థానంలోకి మరొకరు రాకపోతే ఒక తరగతి కాదు, ఆ ఊరిలో ఆ మాధ్యమమే మూతపడే ప్రమాదమున్నది. ఉర్దూ మాధ్యమంలో కొన్ని రిజర్వుడు పోస్టులకు అర్హులైన అభ్యర్థులు దొరకక అవి ఏళ్ళ తరబడి ఖాళీగా మిగులుతున్నాయన్నది రెండు తెలుగు రాష్ట్రాలలోనూ చిరకాలంగా వినవస్తున్న ఫిర్యాదు. అటువంటిచోట బదిలీ నియమాన్ని కన్ను మూసుకుని అమలుచేయడం తగదు. అయితే దీనిని సాకుగా చేసుకుని పట్టణపు ఉర్దూ బడిలో ఉన్నవారు జీవితాంతం అక్కడే ఉంటామనడమూ న్యాయం కాదు. పేటలోని ముస్లిం బాలికకు ఎంత హక్కున్నదో, కాలువ శివారు ఊరిలోని ముస్లిం బాలికకూ అంతే హక్కున్నది. మన హక్కు గురించి ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే, మనలో మనం చేసుకోవలసిన న్యాయం గురించి కూడా మాట్లాడాలి.

ఉపాధ్యాయుణ్ణి శివారుకు పంపేటప్పుడు అతని చేతికి ఏమిస్తున్నాము అన్నది మరొక ముఖ్య విషయం. జపానులో ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు కొన్నేళ్ళకొకసారి తమ రాష్ట్రం వంటి పాలనా విభాగంలోనే పాఠశాలలు మారుతూ ఉంటారు. ఆ దేశం 1954లోనే మారుమూల ప్రాంతాల విద్యాభివృద్ధికి ఒక చట్టం చేసి, అక్కడ పనిచేసే ఉపాధ్యాయులకు ప్రత్యేక భత్యం, నివాస వసతి కల్పించవలసిన బాధ్యతను పాలకులపై ఉంచింది. దక్షిణ కొరియా 1967లో ద్వీపాలు, మారుమూల ప్రాంతాల విద్య కోసం అటువంటి చట్టమే చేసింది. ఆ దేశంలోనూ ఉపాధ్యాయులు కొన్నేళ్ళకొకసారి పాఠశాల మారడం మామూలు విషయం. దానిని శిక్షగా ఎవరూ భావించరు. మరి మన దగ్గర? మారుమూల ఊరిలో ఇంటి అద్దె తక్కువన్న లెక్కతో భత్యం తగ్గిపోతుంది. అక్కడ అద్దెకు ఇల్లు దొరకదన్న సంగతి ఏ లెక్కలోకీ రాదు. దొరకనందువల్ల ఉపాధ్యాయుడు పట్టణంలో కాపురముండి, తెల్లవారుజామునే లేచి రెండు బస్సులు, ఒక ఆటో మారి బడికి చేరతాడు. అధ్యాపకురాలైతే ఆ కష్టం రెట్టింపు. పాయింట్లు అక్కడి నుంచి తప్పించుకోవడానికి ఉపకరిస్తున్నాయే కాని, అక్కడ నిలబడి పనిచేయడానికి ఉపకరించడం లేదు. ఊరిలో రెండు గదుల ఇల్లు ఉంటే ఐదు పాయింట్ల కన్న ఎక్కువ మేలు జరుగుతుందని మా విశ్వాసం.

ఈ విచారణ అంతటి నుంచి మేము గ్రహించిన నియమాలను క్లుప్తంగా మనవి చేస్తాము. మొదటిది: తప్పనిసరి బదిలీ ఉండాలి, గడువు ముందే తెలిసి, అందరికీ ఒకటిగా వర్తించాలి. రెండవది: అది విద్యార్థి భాష, బోధనా మాధ్యమం గీసిన గిరిలోనే తిరగాలి. మూడవది: వేసవి సెలవులలో తప్ప బదిలీ జరుగరాదు, ఒక బడి నుంచి ఒక వేసవిలో మూడవ వంతుకు మించి ఉపాధ్యాయులు కదలరాదు, ఏకోపాధ్యాయ పాఠశాలలో కొత్తవారు జాయినయ్యేవరకు పాతవారిని రిలీవ్ చేయరాదు. నాలుగవది: వెళ్ళే ఉపాధ్యాయుడు వచ్చే ఉపాధ్యాయునితో కొద్ది రోజులు కలిసి పనిచేసి, ప్రతి బిడ్డ గురించి తనకు తెలిసినది అప్పగించాలి. రిజిస్టర్లు, బీరువా తాళాలు, మధ్యాహ్న భోజనపు బియ్యం లెక్కలు అప్పగించడానికి నియమాలున్నాయి. పిల్లల సంగతి అప్పగించడానికి మాత్రం ఏ నియమమూ లేదు. ఐదవది: శివారులో ఇల్లు, దారి కల్పించే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి. వైకల్యం గలవారు, దీర్ఘవ్యాధిగ్రస్తులు, వితంతువులు మొదలైనవారికి మినహాయింపులు, ప్రాధాన్యాలు అవసరమే. అయితే మినహాయింపు అనే చిన్న తలుపు ద్వారా ప్రాపకమనే ఏనుగు ప్రవేశించకుండా చూడాలి.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రభుత్వ ఉపాధ్యాయులకు నీతులు చెప్పి, మన సంస్థల విషయంలో మౌనం వహించడం సముచితం కాదు. రాజ్యాంగంలోని ముప్పైయవ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును ఇచ్చింది. ఆ హక్కు వల్ల మన అధ్యాపకులకు బదిలీల బెడద లేదు. నిలకడ మనకు దక్కిన భాగ్యం. అందులో కొంత భాగాన్ని లేనివారితో పంచుకోలేమా? లెక్కల మాస్టారు లేని శివారు ఉన్నత పాఠశాలకు శనివారాలలో మన అధ్యాపకులు, పై తరగతుల విద్యార్థులు వెళ్ళి పాఠం చెప్పే ఏర్పాటు ఒక్క తీర్మానంతో సాధ్యమయ్యేదే. ఉర్దూ మాధ్యమ పదవ తరగతి పిల్లలకు పరీక్షల ముందు రెండు నెలలు మన గదులు తెరిచి ఉంచడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఉపాధ్యాయ శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, నియామక ఉత్తర్వు చేతపట్టుకుంటారు. మొదటి పోస్టింగు ఎక్కడో శివారున, బస్సు ఆగే చోటి నుంచి మూడు మైళ్ళు నడవవలసిన ఊరిలో వస్తుంది. బంధువులు సానుభూతి చూపుతారు. స్నేహితులు ఎవరిని పట్టుకుంటే పట్టణానికి రావచ్చో చెబుతారు. ఆనాడు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ ఊరి పిల్లలు ఎనిమిదేళ్ళుగానో, అంతకన్న ఎక్కువ కాలంగానో తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చును. మీరు అక్కడ ఉండవలసిన గడువును చట్టం నిర్ణయిస్తుంది. ఆ గడువులో ఆ పిల్లలకు ఏమి అందుతుందన్నది మీ మీదనే ఆధారపడి ఉన్నది. శివారు చేనికి నీరు చేరిననాడే కాలువ తవ్విన శ్రమ సఫలమైనట్లు. ఆఖరి ఊరి బడిలో పాఠం సక్రమంగా సాగిననాడే ఈ దేశంలో విద్య అందరిదీ అయినట్లు.